21 రోజుల్లో అట్లాంటిక్ కెనడా ఆర్‌వీ యాత్ర: న్యూఫౌండ్‌లాండ్ ఈసారికి వదిలేయండి

అన్నయ్యగారూ, మీరడిగింది క్లుప్తంగా ఇది. మీకు 66, వదినగారికి 61. మిస్సిసాగాలో అమ్మాయి దగ్గర స్థిరపడ్డారు. సెప్టెంబరులో విమానంలో హాలిఫాక్స్ వచ్చి, 25 అడుగుల మోటార్‌హోమ్ (ఆర్‌వీ, అంటే లోపలే పడక, వంటిల్లు ఉండే బండి) అద్దెకు తీసుకుంటారు. 21 రోజుల్లో నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ చూసుకుని, ఫెర్రీ ఎక్కి న్యూఫౌండ్‌లాండ్‌లో సెయింట్ జాన్స్ దాకా వెళ్లి రావాలనుకుంటున్నారు. ఇంతవరకు కారు తప్ప పెద్ద బండి నడపలేదు. వదినగారికి లైసెన్సు లేదు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఇద్దరూ శాకాహారులు. "ఈ వయసులో మా వల్ల అవుతుందా?" అని అడిగారు.

నిక్షేపంగా అవుతుంది. కానీ మీరు రాసిన ప్లాన్‌తో కాదు.

మేం ఉండేది హాలిఫాక్స్ దగ్గరే. రిటైరయ్యాక ఏటా సీజన్‌లో మావారూ నేనూ ఈ రోడ్ల మీదే ఉంటాం. బండి ఎక్కువగా నడిపేది నేనే. అందుకే డ్రైవింగ్ సంగతి మొదలుపెట్టి, మిగతావి తర్వాత చెబుతాను.

ముందు న్యూఫౌండ్‌లాండ్ తీసేయండి. అది బాగోదని కాదు, దానికి విడిగా ఒక యాత్ర కావాలి. నోవా స్కోషియాలోని నార్త్ సిడ్నీ నుంచి పోర్టో బాస్క్ రేవుకి ఫెర్రీ దాదాపు 7 గంటలు. దిగాక సెయింట్ జాన్స్ ఇంకా 900 కి.మీ. పోను 900, రాను 900. తిరుగు ప్రయాణంలో అర్జెన్షియా నుంచి ఫెర్రీ ఎక్కితే రోడ్డు తగ్గుతుంది గానీ, ఓడలోనే 16 గంటలు గడుస్తాయి, అదీ ఏడాది పొడుగునా నడవదు. పైగా అక్కడ చీకటి పడ్డాక బండి నడపకూడదు. 1904లో తెచ్చి వదిలిన నాలుగు మూస్‌ల (భారీ దుప్పి జాతి జంతువులు) సంతానం ఇప్పుడు ఆ దీవంతా ఉంది. రాత్రిపూట నల్లటి రోడ్డు మీద నల్లటి జంతువు, కాళ్లు పొడుగు, హెడ్‌లైట్ల వెలుగు దాని కళ్లకు అందదు. గుద్దితే ఒళ్లంతా నేరుగా ముందద్దం మీదకే వస్తుంది. పగటిపూట మాత్రమే, ఒక్కరే నడపాలంటే మీ 21 రోజుల్లో సగం స్టీరింగు దగ్గరే గడిచిపోతుంది. మళ్లీ వచ్చినప్పుడు గ్రో మోర్న్ నేషనల్ పార్కు ఒక్కటే పెట్టుకుని పశ్చిమ తీరం వరకు చూడండి, చాలు.

రోజుకు 200 కి.మీ. అటూఇటూ, ఎట్టి పరిస్థితుల్లోనూ 250 దాటకూడదు. ఎక్కడ ఆగినా వీలైనంత వరకు రెండు మూడు రాత్రులు. డ్రైవరు ఒక్కరే కాబట్టి ఇది తప్పదు. కానీ నేను ఇంత గట్టిగా చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది. ఈ తీరంలో చూడాల్సినవి మనం వెళ్లిన వేళకు కనబడవు. ఆటుపోట్లకు వాటి వేళ ఉంది, పొగమంచుకు దాని ఇష్టం, గాలికి దాని కోపం. చేతిలో ఖాళీ రోజు ఉన్నవాళ్లకే అవి దొరుకుతాయి.

ఫండీ అఖాతం తీసుకోండి. ప్రపంచంలోకెల్లా ఎత్తైన ఆటుపోట్లు ఇక్కడివే, అఖాతం పైకొసలో తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది. మన విశాఖలో ఆ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. ఇక్కడ అంత పెరగడానికి కారణం అఖాతం పొడవు, లోతు. అందులోని నీరు ఒక కొస నుంచి ఇంకో కొసకు ఊగి రావడానికి పట్టే సమయమూ, బయటి సముద్రపు పోటు వచ్చే సమయమూ, అంటే సుమారు 12 గంటల 25 నిమిషాలూ, దాదాపు ఒక్కటే. ఊయల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అప్పుడే తోసినట్టు అన్నమాట. ఇది చూడాలంటే ఒకే చోట రెండుసార్లు నిలబడాలి, మధ్యలో ఆరు గంటలు పైన గడవాలి. బస్సు టూర్లలో వచ్చేవాళ్లు ఒక్కపూట నీళ్లో, ఒక్కపూట బురదో చూసి వెళ్లిపోతారు.

మీరు న్యూ బ్రన్స్‌విక్‌లోని ఫండీ నేషనల్ పార్కులో మూడు రాత్రులు ఉండండి. పక్కనే ఆల్మా అని చిన్న జాలరి ఊరు. పొద్దున్న రేవులో లాబ్‌స్టర్ పడవలు గోడ అంచుదాకా తేలుతుంటాయి. మధ్యాహ్నం అదే చోటుకి వెళ్తే పడవలన్నీ అడుగున నేల మీద కూర్చుని ఉంటాయి, తాళ్లు వేలాడుతుంటాయి, గోడ మీద నీటి మరక మన తలకంటే ఎంతో పైన ఉంటుంది. వదినగారు మెట్లు ఎక్కక్కర్లేదు, నడవక్కర్లేదు, రేవు గట్టు మీద మడత కుర్చీ వేసుకుంటే చాలు. హోప్‌వెల్ రాక్స్ అక్కడికి దాదాపు 40 కి.మీ. అక్కడ సముద్రం అడుగున నడవాలంటే మెట్లు దిగి ఎక్కాలి, ఆమె మోకాళ్లను బట్టి చూసుకోండి. ఎక్కడికి వెళ్లినా ఆ రోజు పోటు పట్టిక చూసుకున్నాకే బయల్దేరండి.

గాలి సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే మీ బండి నాలుగు పక్కలా గోడలున్న ఒక పెట్టె. నోవా స్కోషియాలోనే ఉన్న కేప్ బ్రెటన్ దీవిలో షెటికాంప్ అనే అకేడియన్ (పాత ఫ్రెంచి వలసవాళ్ల) ఊరి దగ్గర కొండల మీంచి ఆగ్నేయపు గాలి దిగుతుంది. వాళ్లు దాన్ని "లే సుయెట్" అంటారు. గంటకు 200 కి.మీ. వరకూ వీచిన సందర్భాలున్నాయి. శరదృతువు నుంచి వసంతం దాకా దాని జోరు ఎక్కువ, కానీ సెప్టెంబరులో రాదన్న గ్యారంటీ లేదు. కెనడా వాతావరణ శాఖ దీనికోసం ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తుంది. హెచ్చరిక ఉంటే ఆ రోజు బండి కదపొద్దు. అందుకే షెటికాంప్‌లో మూడు రాత్రులు పెట్టుకోమంటున్నాను. గాలి రాకపోతే ఆ ఖాళీ రోజు మీ సొంతం. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌కి వెళ్లే కాన్ఫెడరేషన్ బ్రిడ్జి మీదా ఇదే. 12.9 కి.మీ. వంతెన, 1997లో తెరిచారు, గాలి ఎక్కువైతే ఎత్తు బండ్లను ఆపేస్తారు. ఆ పూట ఆగిపోతే టెన్షన్ పడే పరిస్థితి లేకుండా రోజులు వేసుకోండి.

ఇంకొకటి, సెప్టెంబరు తుపాన్ల నెల. 2003లో జువాన్, 2022 సెప్టెంబరు 24న ఫియోనా ఈ ప్రాంతాన్ని చితకబాదాయి. అయినా నేను సెప్టెంబరునే మెచ్చుకుంటాను. జూన్‌లోని దోమలూ నల్ల ఈగలూ ఉండవు, బడులు తెరుస్తారు కాబట్టి క్యాంప్‌గ్రౌండ్లు ఖాళీ అవుతాయి, అద్దెలు దిగుతాయి. డబ్బు వెనక్కి వచ్చేలా బుక్ చేసుకోండి, తుపాను వస్తోందంటే తీరం వదిలి లోపలికి వెళ్లిపోండి. మీది చక్రాల ఇల్లు కాబట్టి ఆ వెసులుబాటు ఉంది.

దారి ఇలా వేసుకోండి. మొదటి రాత్రి హాలిఫాక్స్ దగ్గర్లోనే ఏదో ఒక క్యాంప్‌గ్రౌండ్. ఆ రోజు ఎక్కడికీ పోవద్దు. సామాన్లు సర్దుకోవడం, ప్రతి స్విచ్చూ ఒకసారి వేసి చూడడం, ఇదే పని. తర్వాత రెండు రాత్రులు లూనెన్‌బర్గ్. 1753లో కట్టిన ఊరు, పాత పట్టణం మొత్తం 1995 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. కెనడా 10 సెంట్ల నాణెం మీద కనిపించే తెరచాప ఓడ బ్లూనోస్ ఇక్కడే 1921లో తయారైంది. ఊళ్లో వీధులు ఏటవాలు, ఇరుకు. పెద్ద బండిని పైకి ఎక్కించకుండా కిందే ఆపి నడవండి. పెగ్గీస్ కోవ్ ఆ దారిలోనే వస్తుంది. సెప్టెంబరులో హాలిఫాక్స్‌కి క్రూయిజ్ ఓడలు ఎక్కువ, పదయ్యేసరికి బస్సులు దిగుతాయి, తెల్లవారుజామునే వెళ్లండి. పొగమంచు ఉంటే తిట్టుకోకుండా ఒక గంట ఫ్లాస్కు కాఫీతో కూర్చోండి, అది తొలగేటప్పుడు లైట్‌హౌస్ మెల్లగా బయటపడడం చూడాల్సిందే. నల్లగా తడిసి కనబడే బండల మీదకు మాత్రం అస్సలు వెళ్లొద్దు. ఎక్కడినుంచో ఒక పెద్ద అల వచ్చి మనుషుల్ని లాక్కుపోయిన చోటు అది.

అక్కడి నుంచి ట్రూరోలో ఒక రాత్రి, ఆపై ఫండీలో మూడు, వంతెన దాటి ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో నాలుగు. ఈ దీవి మీ ఇద్దరికీ బాగా నచ్చుతుందని నాకు నమ్మకం. ఎర్రమట్టి, బంగాళాదుంప పొలాలు, పొలం చివర సముద్రం. రైలు 1989లో ఆగిపోయాక పట్టాలు తీసేసి, ఆ దారినే కాన్ఫెడరేషన్ ట్రెయిల్‌గా మార్చారు. రైలు కట్ట కాబట్టి ఎక్కడా ఎత్తు తెలియదు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి నడకదారి ఈ చుట్టుపక్కల లేదు. దీవికి వచ్చేటప్పుడు టోల్ కట్టక్కర్లేదు, వదిలి వెళ్లేటప్పుడే కట్టాలి, వంతెనకైనా ఫెర్రీకైనా అంతే. తిరిగి వంతెన మీదకు పోకుండా, వుడ్ ఐలాండ్స్ రేవు నుంచి ఫెర్రీలో నోవా స్కోషియాలోని కారిబూకి దాటండి, గంటా పావు ప్రయాణం. ఖరీదు కాస్త ఎక్కువైనా కేప్ బ్రెటన్ వైపు దారి బాగా కలిసొస్తుంది. ఫెర్రీ ఎక్కే ముందు ప్రొపేన్ (బండిలోని పొయ్యికీ ఫ్రిజ్‌కీ వాడే గ్యాసు) కట్టేయాలి. ఫ్రిజ్ తెరవకుండా ఉంటే ఆ కాసేపట్లో ఏమీ పాడవదు.

కేప్ బ్రెటన్‌లో మొదట బడెక్‌లో రెండు రాత్రులు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ వేసవి ఇల్లు కట్టుకున్న ఊరు. 1909 ఫిబ్రవరిలో అక్కడి గడ్డకట్టిన సరస్సు మీంచి సిల్వర్ డార్ట్ అనే విమానం లేచింది, కెనడాలో ఇంజిన్‌తో ఎగిరిన తొలి విమానం అదే. బెల్ మ్యూజియం తీరిగ్గా చూడండి. ఇక్కడి నుంచి కాబట్ ట్రెయిల్, దాదాపు 300 కి.మీ. చుట్టు రోడ్డు. ఫొటోలు చూసి అందరూ అపసవ్యంగా తిరగమంటారు, సముద్రం పక్క లేన్‌లో ఉంటామని. మీరు సవ్యంగా తిరగండి, అంటే బడెక్ నుంచి మార్గరీ, షెటికాంప్, ప్లెజంట్ బే, ఇంగనిష్. మన దేశంలోలా కాకుండా ఇక్కడ కుడిపక్కన నడుపుతాం కాబట్టి, ఇలా తిరిగితే మీ బండి కొండవైపు లేన్‌లో ఉంటుంది, లోయ అంచున కాదు. సముద్రం చూడడానికి ఆగే చోట్లు బోలెడున్నాయి. నార్త్ మౌంటెన్, కేప్ స్మోకీ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అదిమిపెట్టి ఉంచకండి. దిగడం మొదలవ్వకముందే తక్కువ గేరులోకి మార్చండి, అవసరమైనప్పుడు ఒకసారి గట్టిగా నొక్కి వదలండి. వెనక వాహనాలు పోగైతే పక్కకు ఆపి పోనివ్వండి. ఈ దారిలో వచ్చే నేషనల్ పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఆ పార్కులోని స్కైలైన్ ట్రెయిల్ అనే నడకదారి పోను రాను ఆరేడు కి.మీ., ఎక్కువ భాగం చదునే. చివర్లో మెట్లున్నాయి. మెట్ల దాకా వెళ్లి ఆగినా చూడాల్సింది కనిపిస్తుంది. చేతికర్రలు తీసుకెళ్లండి. 2009లో ఆ దారిలోనే కొయోట్‌లు (చిన్న తోడేలు లాంటి జంతువులు) ఒక యువతి ప్రాణం తీశాయి, కాబట్టి ఒంటరిగా మాత్రం వద్దు. అంత నడవలేకపోతే, దగ్గర్లోనే బాగ్ అని అర కి.మీ. చెక్కబాట ఉంది, వదినగారికి అది హాయి.

షెటికాంప్‌లో ముందు చెప్పిన మూడు రాత్రుల తర్వాత ఇంగనిష్‌లో రెండు రాత్రులు ఉండి, ఆంటిగోనిష్‌లో ఒక రాత్రి ఆగి, హాలిఫాక్స్ చేరిపోండి.

ఇక బండి. మీ ఒంటారియో జీ లైసెన్సు (మామూలు కారు లైసెన్సు) మీరు చూస్తున్న క్లాస్ సి రకం మోటార్‌హోమ్‌కి సరిపోతుంది. నడపడం మీరు అనుకున్నంత కష్టం కాదు, తిప్పడమే కొత్త. వెనక చక్రాల వెనుక మరో ఆరేడు అడుగుల బండి ఉంటుంది. మీరు ఎడమకి తిప్పితే ఆ తోక కుడికి ఊగుతుంది. పెట్రోలు బంకులో పంపు పక్కనుంచి బయటికి వచ్చేటప్పుడే ఎక్కువ మంది గీస్తారు. బండి తీసుకున్న రోజే ఖాళీ పార్కింగ్‌లో, వదినగారిని పక్కన దూరంగా నిలబెట్టి, స్టీరింగు పూర్తిగా తిప్పి ఆ తోక ఎంత ఊగుతుందో కళ్లారా చూసుకోండి. ఎత్తు సుమారు 12 అడుగులు, ఆ అంకె కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డు మీద అంటించండి. కాఫీ షాపుల డ్రైవ్-త్రూ వైపు చూడకండి. రివర్సు చేసేటప్పుడు వదినగారు దిగి వెనక్కి వెళ్తారు కదా, ఆమె మీ అద్దంలో కనబడాలి, మీకు కనబడకపోతే బండి ఆగిపోవాలి. అరుచుకోకుండా ఫోన్ కాల్ కలిపి స్పీకరులో పెట్టుకోండి. ఈ చిన్న ఏర్పాటు లేక గొడవపడే జంటల్ని ప్రతి క్యాంప్‌గ్రౌండ్‌లోనూ చూస్తాం. బుక్ చేసేటప్పుడు "పుల్-త్రూ" సైటు, అంటే ఒక పక్క లోపలికి వచ్చి ఇంకో పక్క నేరుగా బయటికి వెళ్లేది, అడిగితే రివర్సు గొడవే ఉండదు.

ట్యాంకుల గురించి అందరూ భయపెడతారు. చేతికి గ్లవ్స్ వేసుకుని, ముందు బ్లాక్ ట్యాంకు (టాయిలెట్‌ది), తర్వాత గ్రే ట్యాంకు (సింకు, స్నానం నీళ్లది) ఖాళీ చేయండి. అంట్లు తోమిన నీరే గొట్టాన్ని కడిగేస్తుంది. సైటులో డ్రెయినేజి కలిపి ఉన్నా బ్లాక్ వాల్వు మూసే ఉంచండి, ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాక తెరవండి. తెరిచి ఉంచితే నీరు పోయి మిగతాది లోపల గట్టిపడుతుంది. మన అలవాటు ప్రకారం టాయిలెట్‌లో నీళ్లు ఎక్కువ వాడతామని బెంగ వద్దు, అది ట్యాంకుకి మంచిదే, కాకపోతే తరచూ ఖాళీ చేయాలి. గంజి, మెతుకులు, పోపు నూనె మాత్రం సింకులో పోయకండి. గిన్నెలు ముందు టిష్యూతో తుడిచి కడగండి.

వంటకి ఒక లెక్క గుర్తుంచుకోండి. సైటులో 30 ఆంపుల కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ తిరుగుతూ ఉండగా ఇండక్షన్ పొయ్యి, కెటిల్ కలిపి వేస్తే బ్రేకరు పడిపోతుంది. 15 ఆంపుల సైటు అయితే ఒక్క కెటిల్‌కే సరి. గ్యాసు పొయ్యి మీద చిన్న ప్రెషర్ కుక్కరు అన్నిటికంటే నయం. పోపు పెట్టే ముందు ఫ్యాను, కిటికీ రెండూ తెరవండి, మిరపకాయ మాడితే స్మోక్ అలారం ఊరంతా వినబడేలా కూస్తుంది. బండి సమంగా లేకపోతే ప్రొపేన్ ఫ్రిజ్ సరిగా చల్లబడదు, చక్రాల కింద బ్లాకులు వేసుకోండి. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ 230 వోల్టులది అయితే ఇంట్లోనే ఉంచండి, పొడులు ముందే కొట్టుకోండి. రాత్రి చలికి ఇడ్లీ పిండి పులవదు. ఐస్ బాక్సులో పిండి గిన్నె పక్కన వేడినీళ్ల సీసా పెట్టి మూసేయండి, తెల్లారేసరికి పొంగుతుంది. కరివేపాకు, పప్పులు హాలిఫాక్స్, మంక్టన్, షార్లెట్‌టౌన్‌లలో దొరుకుతాయి. కేప్ బ్రెటన్‌లో సిడ్నీ దగ్గర యూనివర్సిటీలో మన పిల్లలు చాలామంది చదువుతున్నారు, అందుకని అక్కడా ఇండియన్ సరుకులు ఉన్నాయి. ఆరుబయట వండుకుంటే తిన్న గిన్నె, చెత్త, చివరికి కడిగిన నీళ్లు కూడా సైటులో వదలొద్దు, ఎలుగుబంట్లున్న అడవులు ఇవి.

అద్దె చూసి మురిసిపోకండి. కిలోమీటర్ల చార్జీ, వంటసామాను, దుప్పట్లు, ఇన్సూరెన్సు, పైన నోవా స్కోషియాలో 14 శాతం పన్ను కలిపి మొత్తం రాయించుకోండి. బండి నూరు కి.మీ.కి 20 నుంచి 25 లీటర్లు తాగుతుంది. ఈ రాష్ట్రాల్లో పెట్రోలు ధరలకు ప్రభుత్వ నియంత్రణ ఉంది, చవక బంకు కోసం వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. ఓహెచ్ఐపీ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డు వేరే రాష్ట్రంలో ఆస్పత్రి ఖర్చుకు పనికొస్తుంది గానీ అంబులెన్సు ఖర్చు ఇవ్వదు, 21 రోజులకు ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకోండి. ఇద్దరి మందులూ నెలకు సరిపడా పెట్టుకోండి.

చివరి రాత్రి హాలిఫాక్స్‌కి అరగంట దూరంలో, డంపింగ్ స్టేషన్ (ట్యాంకులు ఖాళీ చేసే చోటు) ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో దిగండి. సాధారణంగా బండి తిరిగి ఇవ్వాల్సింది ఉదయం పదీ పదకొండులోపే. రెండు ట్యాంకులూ ఆ పొద్దున్నే ఖాళీ చేసి, పెట్రోలు, ప్రొపేన్ నింపిన రసీదులు దగ్గర పెట్టుకుని, బండి చుట్టూ వీడియో తీసుకుని అప్పుడు తాళాలు ఇవ్వండి. నేషనల్ పార్కు సైట్ల బుకింగ్ చలికాలంలోనే తెరుస్తారు. తేదీలు ఖాయం కాగానే ఇక్కడే రాయండి, ఆ రోజులకు ఫండీ పోటు వేళలు చూసి ఆల్మాకి ఏ రోజు చేరితే మేలో చెబుతాను.